కోడి కన్నే కదా అని పసరు పోస్తారా?

వరంగల్ జిల్లా పల్లెల్లో పెరటి కోడి లేని ఇల్లు వెతికితే గాని కనిపించదు. ఆ కోడికి కన్ను దెబ్బతింటే చూసే దిక్కు మాత్రం వెతికినా కనిపించడం లేదు. ఎద్దుకు జ్వరం వస్తే పశువుల డాక్టరుకు కబురు పంపేవారు, బర్రె పాలు తగ్గితే మందు తెచ్చేవారు సైతం కోడి కన్ను మూసుకుని మూలన నిలబడితే రెండే మాటలు అంటున్నారు. పసరు పొయ్యండి, లేదా కోసి కూర వండండి. ఈ రెండింటి నడుమ మూడో దారి ఒకటి ఉందనీ, దానికి పెద్ద ఖర్చు లేదనీ చెప్పేవారు కరవయ్యారు.

పర్వతగిరి వైపు గాని, నెక్కొండ వైపు గాని, రాయపర్తి వైపు గాని తెల్లవారుతుండగా పల్లెల్లోకి వెళితే ఎప్పుడో ఒకప్పుడు ఈ దృశ్యం ఎదురవుతుంది. ముసలవ్వ గంప ఎత్తుతుంది. కోళ్లన్నీ బిలబిలమంటూ వాకిట్లోకి ఉరుకుతాయి. ఒక పెట్ట మాత్రం కదలదు. తల ఒక పక్కకు వాల్చి, ఒక కన్ను మూసి, కంటి కింద తడి చారతో ముడుచుకుని ఉంటుంది. నూకలు చల్లితే పొడుస్తుంది గాని, గింజ ఒకచోట ఉంటే ముక్కు ఇంకోచోట పడుతుంది.

"దీనికేమైందో సూడు బిడ్డా."

"కన్ను పోయినట్టుంది పెద్దమ్మా. ఇంకేం ఉంచుకుంటవ్, కోసెయ్యి."

"పోయినసారి పదకొండు పిల్లల్ని లేపింది. దీన్నెట్ల కోస్తనే?"

ఆ అవ్వ వెనకాడటంలో అర్థముంది. నాటు పెట్ట ఏడాదికి 60, 70 గుడ్లకు మించి పెట్టదు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు అంతకంటే ఎక్కువే పెడతాయి. కాని వాటికి పొదిగే గుణం తక్కువ. 21 రోజులు తిండి మరిచి గుడ్ల మీద కూర్చోవడంలో, గద్ద నీడ పడగానే పిల్లల్ని రెక్కల కిందికి పిలుచుకోవడంలో నాటు పెట్టకు సాటి రాదు. అలవాటుపడిన పొదుగు పెట్ట ఒకటి పోతే దాని వెనుక వచ్చే రెండు, మూడు విడతల పిల్లలు పోయినట్టే. నాటు కోడి మాంసం ధర బ్రాయిలర్ ధరకు రెండింతలు పైమాటగా ఉన్న ఈ రోజుల్లో అది చిన్న నష్టం కాదు. మనవడి నోటు పుస్తకాలు, నర్సంపేటకు బస్సు చార్జీ, పండక్కి బిడ్డ చేతిలో పెట్టే పది రూపాయలు ఆ గంప కిందినుంచే వస్తాయి. పత్తి అమ్మిన డబ్బు లెక్క ఇంట్లో అందరికీ తెలుసు. కోడి డబ్బు లెక్క ఆడవారికే తెలుసు. బహుశా అందుకే కోడి రోగం ఊరి రోగాల జాబితాలోకి ఎక్కదు.

పెరటి కోళ్ల కాలం చెల్లిందని అనుకునేవారు ఒక లెక్క చూడాలి. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద కోళ్లు, బాతుల వంటి పెంపుడు పక్షులు 85 కోట్ల పైచిలుకు తేలాయి. అందులో పెరటివి దాదాపు 31 కోట్ల 70 లక్షలు. 2012 లెక్కతో పోలిస్తే పెరటి పక్షులు 46 శాతం దాకా పెరిగాయి. పెద్ద షెడ్లలోని కోళ్లకు కంపెనీ డాక్టర్లున్నారు. ఈ 31 కోట్లకు ఉన్నది గంప ఎత్తే ఆడమనిషి ఒక్కతే.

దెబ్బ ఎక్కడ తగులుతుంది

వరంగల్ పల్లెల్లో కోడి కంటికి మొదటి శత్రువు పత్తి కట్టె. పత్తి ఏరడం అయిపోయాక పీకిన కట్టెను ఇంటి వెనుక పొయ్యి కోసం కుప్ప వేస్తారు. పెట్ట గుడ్డు పెట్టడానికి చాటు వెతుక్కుంటూ సరిగ్గా ఆ కుప్పలోకే దూరుతుంది. ఎండిన కట్టె కొస సూదిలా ఉంటుంది. తర్వాత తుమ్మ ముల్లు, రేగు కంప. గూటికి వేసిన ఇనుప జాలి తీగ కొసలు లోపలి వైపు వంచి వదిలేస్తే రాత్రి తోపులాటలో అవి గీసుకుంటాయి. పుంజుల పోట్లాట, పిల్లల తల్లుల కయ్యం, కాకి, పిల్లి, పిల్లకాయల రాళ్లు ఉండనే ఉన్నాయి. పొయ్యి బూడిదను వాకిట్లో పోస్తే కోళ్లు అందులో పొర్లాడతాయి. ఆ బూడిదలో సున్నం ముక్క కలిసి ఉంటే కన్ను మండిపోతుంది.

మిర్చి సంగతి కూడా ఒక మాట. ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లే మిర్చి కల్లాల్లో ఎండుతున్నప్పుడు కోళ్లు దాని మీద తిరుగుతూ గింజలు ఏరుకుంటాయి. ఘాటుకే కళ్లు పోతాయని కొందరు వాటిని తరుముతుంటారు. మిరప ఘాటు మనిషిని మండించినట్టు పక్షిని మండించదు. ఆ ఘాటును పట్టే ఏర్పాటు పక్షుల నరాల్లో వేరుగా ఉందని 2002లో అమెరికా శాస్త్రవేత్తలు తేల్చారు కూడా. కాబట్టి కల్లం కాపలా కాయాలంటే పంట కోసం కాయాలి గాని కోడి కళ్ల కోసం కాదు. దుమ్ము, తొడిమ ముక్క, తాలు నలుసు కంట్లో పడితే మాత్రం మనిషికైనా కోడికైనా ఒకటే బాధ.

పసరు చేసే పని

కన్ను ఎర్రబడగానే మొదట గుర్తొచ్చేది ఆకు పసరు. కాలికి కొడవలి తెగితే గడ్డిచామంతి ఆకు నలిపి పిండటం పల్లెల్లో తాతల నాటి అలవాటు. దాన్ని తప్పుపట్టే పని ఇక్కడ లేదు. తోలుకు నప్పింది కంటికీ నప్పుతుందనుకోవడం దగ్గరే చిక్కు వస్తున్నది. నల్లగుడ్డు మీద గాజులాంటి పలుచని పొర ఉంటుంది. ముల్లు తగిలినా, ఇంకో కోడి పొడిచినా ఆ పొర మీద గీత పడుతుంది. గీత చిన్నదై, మురికి చేరకుండా ఉంటే కొద్ది రోజుల్లో దానంతట అదే పూడుకుంటుంది. సరిగ్గా ఆ సమయంలో అరచేతిలో నలిపిన ఆకు రసం పోస్తే ఆకు మీది మట్టి, బూజు, చేతి మురికి నేరుగా గాయంలోకి చేరతాయి. గీత పుండవుతుంది, పుండు పువ్వవుతుంది. ముల్లు వల్ల కన్ను పోయిందని ఇంటివారు అనుకుంటారు. చాలాసార్లు ముల్లు చేసింది సగమే. మిగతా సగం పసరు పూర్తి చేస్తుంది.

సున్నం మరీ ఘోరం. కంట్లో పడ్డ సున్నం పైపొరతో ఆగదు, లోపలికి కాల్చుకుంటూ పోతుంది. కిరోసిన్‌లో ముంచిన ఈకతో తుడవడం, నమిలిన పొగాకు ఉమ్మడం, ఉల్లిగడ్డ రసం పిండటం వంటివన్నీ ఉన్న మంటకు తోడు ఇంకో మంట పెట్టడమే. చనుబాలు వీటంత హాని చేయకపోవచ్చు. అయితే పాలు మురికిని కడగవు. కంటి చుట్టూ ఎండిన పాలకు ఈగలు ముసురుతాయి.

మనుషుల కళ్ల విషయంలో పల్లె కొంత మారింది. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు, 2023 జనవరిలో మొదలైన దాని రెండో విడత ఊళ్లలో శిబిరాలు పెట్టి ముసలివారికి అద్దాలు ఇచ్చాయి. వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. కోతల వేళ వరి కొస కంట్లో గుచ్చుకుంటే ఒకప్పుడు పసరు పోసుకున్న ఇళ్లలోనివారే ఇప్పుడు బస్సెక్కి వెళ్లి చూపించుకుంటున్నారు. అద్దాలు పెట్టుకున్న అవ్వే కోడి కంట్లో పసరు పిండుతున్నదంటే తప్పు అవ్వది కాదు. ఆమె కంటి సంగతి చెప్పడానికి పది మంది వచ్చారు. కోడి కంటి సంగతి చెప్పడానికి ఒక్కరూ రాలేదు.

చీకటి పడ్డాక పట్టుకోవాలి

మరి చేయవలసిందేమిటి? మొదట ఆ కోడిని మందలోనుంచి విడదీయాలి. ఇది మందు కంటే ముఖ్యం. ఎరుపు కనిపిస్తే చాలు, తోటి కోళ్లు అక్కడే పొడుస్తాయి. పొద్దున చిన్న గీతగా ఉన్నది సాయంత్రానికి గుంట కావడానికి కారణం ఇదే. విడిగా ఒక గంప కింద, ఎండ తగలని చోట, పొగ రాని చోట ఉంచాలి. వంటింటి పొయ్యి పక్కన వెచ్చగా ఉంటుందని పెట్టేవారున్నారు. దెబ్బతిన్న కంటికి పొగ పనికిరాదు.

పగలు కోడిని వాకిలంతా తరిమి పట్టుకుంటే దాని ప్రాణం బెదిరిపోతుంది. చీకట్లో కోడికి చూపు ఆనదు. కాబట్టి పొద్దు గూకాక నెమ్మదిగా పట్టుకుని, పాత తువ్వాలులో రెక్కలు కలిపి చుట్టి ఒళ్లో పెట్టుకోవాలి. రొమ్ము ఎముకను గట్టిగా అదమరాదు. కోడి ఊపిరి పీల్చాలంటే ఆ ఎముక కదలాలి. అదిమితే కన్ను బాగుపడేలోగా కోడే పోవచ్చు. టార్చిలైటు పట్టడానికి ఇంట్లో ఒక పిల్లవాడు చాలు.

కడగడానికి కావలసింది ఉప్పు నీళ్లు. అరలీటరు నీళ్లలో టీ చెంచాకు కాస్త తక్కువగా మెత్తటి ఉప్పు వేసి, మరగ కాచి, మూత పెట్టి గోరువెచ్చగా చల్లార్చాలి. లీటరుకు 9 గ్రాములన్న లెక్క ఇది. మనిషికి ఎక్కించే సెలైన్‌లోనూ ఉప్పు పాలు ఇంతే. మందుల షాపులో దొరికే చిన్న సెలైన్ సీసా తెచ్చుకున్నా సరే. ఉప్పు ఎక్కువైతే బాగా శుభ్రమవుతుందనుకుని గుప్పెడు వేయరాదు, కన్ను మండుతుంది. సూది తీసేసిన సిరంజితో గాని, శుభ్రమైన గుడ్డ పీలికతో గాని ముక్కు వైపు నుంచి బయటికి పారేలా ధారగా పోయాలి. దూది వద్దు, దాని పీచు కంట్లో అతుక్కుంటుంది.

ఇక్కడ ఒక సంగతి తెలియక చాలామంది మంచి కన్నును పాడుచేస్తున్నారు. కోడికి పై రెప్ప, కింది రెప్ప కాక మూడో రెప్ప ఒకటి ఉంటుంది. ముక్కు వైపు మూల నుంచి తెల్లటి పలుచని పొరలా అడ్డంగా జారి, కన్ను తుడిచి, వెనక్కి పోతుంది. దెబ్బ తగిలినప్పుడు నొప్పికి అది సగం దాకా వచ్చి అక్కడే ఆగుతుంది. చూసినవారు పువ్వు వేసిందనుకుంటారు, దాన్ని గోటితో లాగాలనుకుంటారు. అది కంటికి దేవుడు పెట్టిన తలుపు, దాని జోలికి పోరాదు.

కోడి చీము కూడా మనిషి చీములా కారదు. పక్షి ఒంట్లో చీమును కరిగించే గుణం తక్కువ గనుక అది జున్నుముక్కలా గడ్డకట్టి రెప్ప కింద కూర్చుంటుంది. వెచ్చటి ఉప్పు నీటి గుడ్డను రెప్ప మీద కొంతసేపు ఆనించి మెత్తబరిస్తే చాలాసార్లు దానంతట అదే ఊడి వస్తుంది. రాకపోతే మర్నాడు మళ్లీ ప్రయత్నించాలి. అగ్గిపుల్లతో కెలికితే కన్నే ఊడి రావచ్చు. రెప్పకు గుచ్చుకున్న ముల్లును తీయవచ్చు గాని గుడ్డులోకి దిగిన ముల్లును ఇంట్లో ఎవరూ లాగరాదు. అలాగే గంప కింద పెట్టి డాక్టరు వద్దకు తీసుకుపోవలసిందే.

మందు సంగతికి వస్తే, ఇంట్లో మనుషులకు వాడి మిగిలిన కంటి చుక్కలు పోయడం ఈమధ్య కొత్త అలవాటైంది. పసరు కంటే నయమే అనిపిస్తుంది గాని అన్ని వేళలా కాదు. ఎరుపు తగ్గించే కొన్ని చుక్కల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. నల్లగుడ్డు మీద గీత ఉన్నప్పుడు ఆ మందు పడితే గాయం మానదు, పైగా ముదురుతుంది. డాక్టరు దగ్గర ఒక రంగు మందు ఉంటుంది. దాన్ని కంట్లో వేసి చూస్తే గీత ఉన్నచోట పచ్చగా మెరుస్తుంది. అది చూసి గాని ఏ మందు వేయాలో తేల్చరు. మందుల షాపులో అడిగితే ఏదో ఒక కంటి మందు చేతిలో పెడతారు. మాంసం, గుడ్లు ఇచ్చే జీవాలకు క్లోరాంఫెనికాల్ వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2025లో నిషేధం పెట్టింది. రేపు ఆ కోడి గుడ్డు తినేది ఇంట్లో పిల్లలే అన్న సంగతి గుర్తుంచుకుని, కోడికి వాడవచ్చని డాక్టరు చెప్పిన లేపనమే తెచ్చుకోవాలి. బియ్యపు గింజంత లేపనం కింది రెప్పలో పెడితే చాలు. డాక్టరు చెప్పినన్ని రోజులు పెట్టాలి, ఆయన ఆపమన్నన్ని రోజులు గుడ్లు తినడం ఆపాలి.

రెండు, మూడు రోజుల్లో కోడి కన్ను కొద్దిగానైనా తెరవడం మొదలుపెడితే దారిలో పడ్డట్టే. ఈలోగా దానికి మేత చల్లకుండా లోతు గిన్నెలో పోసి, ముక్కు దగ్గర పెట్టాలి. చల్లిన గింజను ఒంటి కన్నుతో అంచనా వేయలేక కోడి పస్తు పడుతుంది. కన్ను పోయి చచ్చిన కోళ్లలో తిండి అందక చచ్చినవి తక్కువేమీ ఉండవు. నానబెట్టిన నూకలు, తవుడు, సన్నగా తరిగిన మునగాకు, తోటకూర పెట్టడం మంచిది.

దెబ్బా, తెగులా?

మునగాకు మాట ఊరికే రాలేదు. ఆకుకూరల్లో, పచ్చ మక్కల్లో ఉండే ఎ విటమిను చాలకపోతే ఏ దెబ్బా తగలకుండానే కోడి కళ్లు ఉబ్బుతాయి, రెప్పల కింద తెల్లటి ముద్ద చేరుతుంది. ఎండాకాలంలో పచ్చి ఆకు దొరకని వాకిళ్లలో ఇది కనిపిస్తుంది. దీనికి పసరు కంట్లో కాదు, ఆకు కడుపులో పడాలి.

కాబట్టి కన్ను మూసిన కోడిని చూడగానే ముందు అడగవలసింది ఒక కన్నా, రెండు కళ్లా అని. ఒకే కోడికి ఒకే కన్నయితే దెబ్బ కావచ్చు. రెండు కళ్లూ ఉబ్బినా, పక్క కోడికీ అదే కనిపించినా అది తెగులే. జుట్టు మీద, రెప్పల మీద నల్లటి పొక్కులు కడితే కోళ్ల మశూచి. దాన్ని దోమలు కూడా మోస్తాయి. పొక్కు గిల్లితే నెత్తురు కారుతుంది తప్ప రోగం పోదు. ముఖం ఉబ్బి, ముక్కు నుంచి దుర్వాసన కొట్టే చీమిడి కారితే అది అంటు జలుబు, దానికి డాక్టరు మందుంది. మెడ మెలితిరగడం, ఆకుపచ్చగా పారడం కనిపిస్తే కొక్కెర తెగులు. 1926లో ఇంగ్లాండులోని న్యూకాసిల్‌లో బయటపడి, ఆ వెంటనే కుమావు కొండల్లోని రాణిఖేత్‌లో కనిపించిన రోగమే ఇది. వచ్చాక మందు లేదు. దాన్ని పట్టిన చేత్తో కళ్లు నులుముకుంటే మనిషికీ కళ్ల కలక రావచ్చు. కోడిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోమనడం చాదస్తం కాదు.

ఇంకొక కారణం గూటిలోనే ఉంది. వానాకాలంలో గూడు ఊడ్వకుండా, నాలుగు వైపులా పరదా కట్టి వదిలేస్తే రెట్ట నుంచి అమ్మోనియా వాయువు లేస్తుంది. నిలబడ్డ మనిషికి అది తెలియదు. పొద్దున్నే గూడు తెరవగానే కోడి ఎత్తుకు వంగి ఒకసారి గాలి పీల్చి చూడాలి. కళ్లు చుర్రుమంటే రాత్రంతా ఆ కోళ్ల కళ్లు కాలుతూ ఉన్నట్టే. పొడి బూడిద కలపని వరి పొట్టు పరిచి, వారానికి ఒకసారి ఎత్తి పెంటలో వేస్తే ఆ బాధ తప్పుతుంది.

కోళ్లు ఒకదాని వెంట ఒకటి చస్తుంటే మాత్రం కన్ను, ముక్కు అని చూస్తూ కూర్చోరాదు. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఎంత నష్టం జరిగిందో అందరూ చూశారు. అటువంటి సమయంలో కోసుకు తినడం, అంగడిలో అగ్గువకు అమ్మడం, చెరువులో పారేయడం ఊరికే ముప్పు. పశువుల ఆసుపత్రికి చెప్పి, లోతుగా గుంట తీసి సున్నం వేసి పూడ్చాలి. సున్నానికి తగిన చోటు అది, కోడి కన్ను కాదు.

టీకాల విషయంలో ఒక అపోహ తొలగాలి. కొక్కెర తెగులుకు వారం లోపు పిల్లలకు వేసే లసోటా టీకాను కంట్లోనో ముక్కులోనో చుక్కగా వేస్తారు. అది చూసి "మంచి కంట్ల మందు పోస్తున్నరు, కన్ను పోతది" అని పిల్లల్ని గంప కింద దాచేవారున్నారు. కంటి వెనుక ఉండే గ్రంథి రోగాన్ని ఎదిరించే శక్తిని తయారుచేస్తుంది గనుకే అక్కడ వేస్తారు. ఎనిమిది వారాలు దాటాక రెక్క దగ్గర ఆర్2బి సూది, మశూచికి రెక్క పొరలో పొడిచే టీకా వేయిస్తే కళ్లకు వచ్చే ముప్పులో పెద్ద భాగం తప్పుతుంది.

అంగడి రోజున

ఇంత చెప్పాక ఆ అవ్వ అడగబోయే ప్రశ్న ఒకటే. "డాక్టరు సూడాలె అంటవ్, ఏ డాక్టరు కోడిని సూస్తడు బిడ్డా?" దీనికి జవాబు చెప్పవలసింది పశుసంవర్ధక శాఖ.

శాఖకు సదుపాయాలు లేవనడానికి వీల్లేదు. ఈ జిల్లా లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు పేరు పెట్టుకున్న పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల మామునూరులో ఉంది. కృషి విజ్ఞాన కేంద్రం అక్కడే ఉంది. ఫోను చేస్తే ఇంటికి వచ్చే సంచార పశువైద్య వాహనాలను 1962 నంబరుతో 2017లో ప్రారంభించినప్పుడు గ్రామీణ నియోజకవర్గానికి ఒకటి చొప్పున 100 వాహనాలు పెట్టారు. కాని ఆ నంబరు ఎద్దు కోసం, బర్రె కోసం, గొర్రెల మంద కోసం అని ఊరంతా అనుకున్నారు. కోడి కోసం ఫోను చేస్తే నవ్వుతారని ఆడవారు జంకారు. నవ్విన సందర్భాలు లేవని కూడా ఎవరూ అనలేరు. ఉప కేంద్రాలకు గంపలో కోడిని పెట్టుకుని వెళ్లిన మనిషికి "దీనికి కూడా వైద్యమా" అన్న మాట ఎదురైతే ఆమె రెండోసారి ఆ గడప తొక్కదు. ఇంటికొచ్చి పసరే పిండుతుంది.

డాక్టర్ల వైపు న్యాయం లేకపోలేదు. ఒక్కరే నాలుగైదు ఊళ్లు తిరగాలి, గాలికుంటు టీకాలు వేయాలి, ఈత కష్టమైన బర్రె దగ్గరికి అర్ధరాత్రి ఉరకాలి. వారిని ప్రతి కోడి కోసం ఇంటింటికీ రమ్మనడం అన్యాయం. కోడినే వారి దగ్గరికి రప్పించే వీలుంది. ప్రతి వారం అంగడికి ఆడవారు ఎలాగూ కోళ్లను గంపల్లో పెట్టుకుని వస్తారు. నెలకు ఒక్క అంగడి రోజున, చెట్టు కింద ఒక బల్ల వేసి, ఉప్పు నీటి సీసా, రంగు మందు, నాలుగు లేపనం గొట్టాలు, టీకా డబ్బా పెట్టుకుని ఒక డాక్టరో, ఒక సహాయకుడో కూర్చుంటే సరిపోతుంది. అమ్మకానికి వచ్చిన కోళ్లతో రోగపు కోళ్లు కలవకుండా ఆ బల్ల అంగడికి ఈ చివర ఉండాలి. మామునూరు కళాశాల విద్యార్థులను వంతుల వారీగా పంపితే వారికీ చేతి పని వస్తుంది. పుస్తకంలో చదివిన మూడో రెప్పను అక్కడ రోజుకు ఇరవై కోళ్లలో చూడవచ్చు. మహిళా సంఘాల సమావేశాల్లో అప్పులు, కిస్తీల మాటలయ్యాక పది నిమిషాలు కోడిని ఒళ్లో పట్టి కన్ను కడగడం చూపించినా ఊరికి ఊరు నేర్చుకుంటుంది. ఈ పనికి కొత్త బడ్జెటు అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

కొన్ని కళ్లు ఏం చేసినా దక్కవు. గుడ్డు పగిలి లోపలిది కారిపోతే డాక్టరు మత్తిచ్చి దాన్ని తీసేసి రెప్పలు కుట్టవచ్చు, లేదా అది ఎండి ముడుచుకుపోయేదాకా శుభ్రంగా ఉంచవచ్చు. ఆ కోడి మొక్కులకు పనికిరాదని, అంగడిలో బేరం రాదని కోసేసేవారున్నారు. మేడారం జాతరకు అంగహీనమైన కోడిని ఎవరూ తీసుకుపోరు, నిజమే. అయితే ఒంటి కన్ను కోడి గుడ్లు పెడుతుంది, పొదుగుతుంది. దానికి కావలసిందల్లా కొంచెం ఎడం. పుంజు దాని గుడ్డి వైపు నుంచి మీద పడకుండా చూడాలి, మనిషి కూడా ఆ వైపు నుంచి హఠాత్తుగా చేయి వేయరాదు. గంప ఎప్పుడూ ఒకేచోట, నీళ్ల చిప్ప ఎప్పుడూ ఒకేచోట పెడితే రెండు రోజుల్లో దారి నేర్చుకుంటుంది. పిల్లల్ని లేపాక గద్ద ఆ పోయిన కంటి వైపు నుంచి దిగితే దానికి తెలియదు. అందుకని పిల్లలు రెక్కలు ముదిరేదాకా దాన్ని గోడ వారగా, గుడ్డి కన్ను గోడ వైపు ఉండేలా, జాలి గంప కింద కట్టేయాలి.